వార్త వెనుక ఎవరి చేయి?

కుటుంబ బలిపీఠము – ఈ నెల మాట



కోడుమూరులో పొద్దు గూకిన తరువాత ఏ వీధిలో నడిచినా ఇంటింటికి ఒక గొంతు వినిపించును. ఒక ఇంట్లో సీరియలు, పక్క ఇంట్లో వార్తలు, అరుగు మీద కూర్చున్న పిల్లవాని చేతిలో సెల్ ఫోను. పొలము నుండి వచ్చి కాళ్లు కడుగుకొన్న పెద్దాయన అన్నము ముందు కూర్చుని మొదట అడిగే మాట, "ఈ పొద్దు వార్తల్లో ఏమొచ్చె?" అని. వాన సంగతి, ఉల్లిగడ్డ ధర, ఎన్నికల సంగతి, ఎక్కడో జరిగిన ప్రమాదము, అన్నీ ఆ పెట్టెలో నుండియే మన అన్నము పళ్లెము దాకా వచ్చుచున్నవి.

కొన్నాళ్ల క్రిందట స్త్రీల సమాజము కూడిక ముగిసిన తరువాత ఒక సహోదరి మమ్మును ఆపి అడిగినది. "అమ్మా, మా పిల్లోల్లు ఫోన్లో న్యూసెన్స్ అని ఏదో కథ చూస్తా ఉండారు. వార్తలోల్ల కథంట. మదనపల్లెలో జరిగినట్టు తీసినారంట. చూడనీయొచ్చునా, ఆపేయల్లా?"

చూడకుండ తీర్పు చెప్పుట న్యాయము కాదు గదా. "చూచి చెప్తాము తల్లీ" అన్నాము. చూచినాము. అయితే చూచుచున్నంతసేపు ఆ కథలోని వారి తప్పుకంటె మా తప్పే మాకు ఎక్కువగా కనబడినది. ఆ సంగతి చివర చెప్పుకొందుము. మొదట ఆ సహోదరి అడిగిన ప్రశ్న.

తెర వెనుక సంగతి

న్యూసెన్స్ అనునది ఆహా అనే తెలుగు ఓటీటీ వేదికలో 2023 మే 12న విడుదలైన ధారావాహిక. శ్రీప్రవీణ్ కుమార్ దర్శకుడు. శివ అనే విలేకరిగా నవదీప్, నీల అనే వార్తలు చదివే యువతిగా బిందు మాధవి నటించినారు. కథాకాలము 2000 తరువాతి తొలి సంవత్సరములు. స్థలము మదనపల్లె. టమోటా మండీ వలన మన పత్తికొండ రైతులకు కూడ బాగుగా తెలిసిన పేరే అది. పేరులోనే ఒక చమత్కారమున్నది. న్యూస్ అన్న మాట, న్యూసెన్సు అన్న మాట ఒకదానిలో ఒకటి ఇమిడిపోయినవి.

ఈ కథలో విలేకరులు చేయు పెద్ద తప్పు అబద్ధము పుట్టించుట మాత్రమే కాదు, నిజమును బేరము పెట్టుట. వార్త వేయుటకు ఒక ధర, వేయకుండుటకు ఒక ధర. పేదవాని గోడు ఎవరి చేతికి చిక్కినదో, ఆ చేయి ఎటు చాచబడి ఉన్నదో, దానిని బట్టి అది అచ్చుకు ఎక్కును, లేక అక్కడనే చచ్చును. మనము ఉదయము చదివినది వార్త. చదవనిది కూడ ఒక వార్తే. దానిని ఎవరు ఆపినారో మనకు తెలియదు.

ఇటువంటి కథలు ఇతర దేశములలోను వచ్చినవి. అమెరికాలో 2012 నుండి 2014 వరకు న్యూస్‌రూమ్ అనే ధారావాహిక నడిచినది. ఆస్ట్రేలియాలో 2021లో న్యూస్‌రీడర్ అనేది మొదలైనది. అది 1986 నాటి ఒక టెలివిజను వార్తల కార్యాలయపు కథ. అన్ని చోట్ల మనుష్యులకు ఒకే కుతూహలము. చక్కగా తల దువ్వుకొని, చక్కగా కూర్చుండి వార్తలు చదువువారి బల్ల వెనుక ఏమి జరుగుచున్నది?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మన జిల్లా పల్లెలలో టెలివిజను అడుగుపెట్టిన నాడే ఇది కూడ వచ్చినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, ఉపగ్రహము ద్వారా పల్లెలకు టెలివిజను చూపించు ప్రయోగమొకటి ఇస్రో వారు అమెరికావారి ఉపగ్రహముతో జరిపినారు. దానిని సైట్ అన్నారు. ఆరు రాష్ట్రములలో ఇంచుమించు 2,400 గ్రామములు. వాటిలో మన కర్నూలు జిల్లా గ్రామములు కూడ ఉండెను. అప్పుడు ఊరంతటికి ఒక్కటే టీవీ. జనులు గుంపుగా నేలమీద కూర్చుండి సేద్యము, ఆరోగ్యము, పిల్లల పెంపకము గూర్చిన కార్యక్రమములు చూచినారు. అయితే అది దేశములో అత్యవసర పరిస్థితి ఉన్న కాలము. 1975 జూన్ 25 నుండి 1977 మార్చి 21 వరకు ఏ వార్త బయటికి రావలెనో, ఏది రాకూడదో ప్రభుత్వమే చూచుకొనెను. మన పల్లెలవారు తెరమీద మొదటి బొమ్మ చూచినప్పుడే తెర వెనుక ఒక చేయి ఉండెను.

తరువాత 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రమును రాయలసీమవాడైన అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డిగారు ప్రారంభించినారు. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ గారు మొదటిసారి తెలుగులో వార్తలు చదివినారు. ఎదుట అక్షరములు నడిపించే టెలిప్రాంప్టరు అప్పుడు లేదు. కాగితము మీది వార్తలను ముందుగా కంఠస్థము చేసుకొని, తల ఎత్తి మన కన్నులలోనికి చూచి చదివేవారు. ఆయన 2024 ఏప్రిల్ 5న కన్నుమూసినప్పుడు మన వయస్సువారు చాలామంది ఇంటివాడు పోయినట్లు బాధపడినారు. ఆ గొంతును అంతగా నమ్మినాము. సర్కారు వార్తలని తెలిసియు, ఆ మనిషి మాటను నమ్మినాము.

1995లో ఈటీవీ వచ్చినది. 2004లో టీవీ9తో రోజంతయు వార్తలు మొదలైనవి. అరగంట వార్తలకు ఇరువది సంగతులు చాలును. ఇరువది నాలుగు గంటలకు ఎక్కడనుండి తేవలెను? పొయ్యి ఆరకుండ ఉండవలెనంటే ఎండు కట్టె, పచ్చి కట్టె అని చూడకుండ ఏదో ఒకటి వేయవలసినదే. పచ్చి కట్టె వేసినప్పుడు వచ్చునది వెలుగు కాదు, పొగ.

డబ్బు చేయి

ధారావాహికలో చూపినదంతయు కల్పన అని మనము తోసివేయుటకు వీలులేదు. 2009 ఎన్నికల తరువాత ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ వారే పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పరిశీలన జరిపి, అభ్యర్థుల వద్ద సొమ్ము తీసుకొని ప్రకటనలనే వార్తలుగా అచ్చువేసిన సంగతి బయటపెట్టినారు. తమ ఇంటి తప్పును తామే వెలుగులో పెట్టినందుకు వారిని మెచ్చుకొనవలెను. దాని తరువాత భారత ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘము వేసినది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, మరొకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. 2010లో వారు పేర్లతో సహా పెద్ద నివేదిక వ్రాసి ఇచ్చినారు. కౌన్సిల్ దానిని క్లుప్తపరచి విడుదల చేసినది. పూర్తి నివేదిక 2011లో గాని ప్రజల యెదుటికి రాలేదు. వార్తల వారిని గూర్చిన వార్తనే అంత కాలము మూతపెట్టినారన్నమాట.

బైబిలు చదువువారికి ఇందులో ఆశ్చర్యము ఉండకూడదు. మత్తయి సువార్త 28వ అధ్యాయము 11 నుండి 15 వచనములు తీసి చూడండి. సమాధిని కాచిన సైనికులు జరిగినదంతయు కన్నులార చూచినారు. పట్టణములోనికి వచ్చి ఉన్నది ఉన్నట్లు చెప్పినారు. వారే ఆనాటి ప్రత్యక్ష సాక్షులు. ప్రధానయాజకులు, పెద్దలు కూడి ఆలోచించి, వారికి చాలినంత ద్రవ్యమిచ్చి, రాత్రి తాము నిద్రపోవుచుండగా శిష్యులు దేహమును ఎత్తుకొనిపోయినారని చెప్పుమన్నారు. వారు పుచ్చుకొన్నారు, అట్లే చెప్పినారు. ఆ మాట వ్యాపించినది. ఒక్క ప్రశ్న ఎవరైన అడిగి ఉంటే ఆ వార్త అక్కడనే కూలిపోవును. నిద్రపోయినవారికి దొంగ ఎవరో ఎట్లు తెలిసినది? అడుగువారు లేకపోయిరి. లోకములోని అతి గొప్ప వార్తకు మొదటి పోటీ వార్త డబ్బిచ్చి కొనబడినదే.

అయినను ఇక్కడ ఒక మాట న్యాయముగా చెప్పవలెను. మండలములలో వార్తలు వ్రాయు పిల్లలు చాలామంది మన బిడ్డలే. అనేకులకు నెల జీతము లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి ఇచ్చు కొద్దిపాటి సొమ్ము, దానినే లైన్ అకౌంట్ అంటారు. పైగా ప్రకటనలు తెమ్మని ఒత్తిడి. కడుపు నిండని వానికి మైకు ఇచ్చి, ఎవరి వద్దను చేయి చాపవద్దనుట సులభము. చాపకుండ నిలిచినవారు ఉన్నారు. ప్రాణము ఇచ్చినవారును ఉన్నారు. 2021 ఆగస్టులో, అప్పటికి మన కర్నూలు జిల్లాలోనే ఉన్న నంద్యాలలో, గుట్కా అక్రమ వ్యాపారము గూర్చి వార్తలు ఇచ్చిన యూట్యూబు చానెలు విలేకరి చెన్నకేశవులు హత్య చేయబడినాడు. న్యూసెన్స్ చూచి "వార్తలోల్లంతా ఇంతే" అని మనము చప్పరించినయెడల, అటువంటివారికి ద్రోహము చేసినవారమగుదుము. విలేకరుల కొరకు మన సంఘములలో ఎన్నడైన ప్రార్థన చేసినామా? సైనికుల కొరకు, వైద్యుల కొరకు, ఉపాధ్యాయుల కొరకు చేయుచున్నాము. వీరిని మరచినాము.

తొందర చేయి, బొమ్మ చేయి

డబ్బు ఒక్కటే కాదు, తొందర కూడ వార్తను చెరుపును. ఏ చానెలును ఎంతమంది చూచినారో తెలుసుకొనుటకు దేశమంతట కొన్ని వేల ఇళ్లలో మీటర్లు పెట్టి వారము వారము లెక్క తీయుదురు. ఆ లెక్కను బట్టి ప్రకటనలు, ప్రకటనలను బట్టి జీతములు. ఈ లెక్కలలో మోసము జరిగినదన్న ఆరోపణలు వచ్చి 2020 అక్టోబరులో వార్తా చానెళ్ల లెక్కలను ఆపివేసినారు. మరల 2022 మార్చిలోనే మొదలుపెట్టినారు. కనుక ముందుగా చెప్పినవాడు గెలిచినవాడు. నిజము చెప్పినవాడు రెండవవాడు.

ఇందుకు అమెరికాలో జరిగిన ఒక సంగతి. 2011 జనవరి 8న గాబ్రియేల్ గిఫర్డ్స్ అనే పార్లమెంటు సభ్యురాలు అరిజోనా రాష్ట్రములోని టూసాన్ పట్టణములో ప్రజలతో మాటలాడుచుండగా ఒకడు తలమీద కాల్చినాడు. కొద్ది సేపటిలోనే ఆమె చనిపోయినదని ఒక పేరున్న వార్తాసంస్థ చెప్పినది. దానిని చూచి మరికొందరు అదే చెప్పినారు. ఆమె భర్త మార్క్ కెల్లీ వ్యోమగామి. ఆమె యొద్దకు విమానములో పోవుచు, విమానములోని టీవీలో తన భార్య చనిపోయినదన్న వార్త చూచినాడు. పక్కన ఆయన కుమార్తెలు, తల్లి. ఆ కుటుంబము ఆకాశములో ఏడ్చినది. ఆమె చనిపోలేదు. ఆ తరువాత బ్రదికి, మాటలు మరల నేర్చుకొన్నది. పైన చెప్పిన న్యూస్‌రూమ్ ధారావాహికలో ఈ సంఘటననే ఒక భాగములో చూపినారు. అక్కడి కార్యాలయమువారు, మిగిలిన చానెళ్లన్నియు మరణవార్త చెప్పుచున్నను, వైద్యుడు చెప్పనిదే మేము చెప్పమని పట్టుపట్టి నిలుచుదురు. కథలోనివారు నిలిచినారు. నిజములోనివారు కొందరు నిలువలేకపోయినారు.

మన యింటిలో కూడ జరిగినది. 2023 మార్చిలో సినిమా నటుడు కోట శ్రీనివాసరావు గారు చనిపోయినారని పుకారు పుట్టినది. ఆయనే వీడియోలో కనబడి, నేను బ్రదికే ఉన్నాను, నా ఇంటికి పోలీసులు కూడ వచ్చినారు అని చెప్పుకొనవలసి వచ్చినది. ఆయన నిజముగా కన్నుమూసినది 2025 జూలైలో. ఒక వృద్ధుని తన మరణమును తానే ఖండించుకొనునట్లు చేసితిమి.

ఈ తొందరకు వాక్యములో ఒక పేరున్నది, అహిమయస్సు. 2 సమూయేలు 18వ అధ్యాయములో అబ్షాలోము మరణించినప్పుడు, ఈ దినమున నీవు వార్త తీసుకొనిపోవద్దని యోవాబు అహిమయస్సుకు చెప్పినాడు. కూషీయుని పంపినాడు. అయినను అహిమయస్సు, ఏమైనను సరే పరుగెత్తెదనని బయలుదేరి, మైదానపు మార్గమున కూషీయుని దాటిపోయినాడు. తీరా పోయి, పిల్లవాడు క్షేమమేనా అని తండ్రి దావీదు అడిగితే, పెద్ద అల్లరి చూచినాను గాని అది ఏమో తెలియలేదన్నాడు. రాజు వానిని పక్కకు నిలువుమన్నాడు. అందరికంటె ముందుగా చేరినాడు. చెప్పుటకు ఏమియు లేదు. నేడు మనము గ్రూపులలో "ఇప్పుడే అందిన వార్త" అని పంపు సగము సంగతులు ఈ అహిమయస్సు పరుగే.

ఇక బొమ్మ సంగతి. కన్నులతో చూచితిమి గదా, అబద్ధమెట్లగును అందుము. మన జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములో తొలకరి వానలకు వజ్రములు దొరుకునని ఏటేట వార్తలు వచ్చును. ఒకరికి రాయి దొరికినది, వ్యాపారి లక్షలకు కొన్నాడు అని చూపుదురు. అది నిజమే కావచ్చును. ఆ బొమ్మ చూచి పక్క జిల్లాలనుండి, కర్ణాటకనుండి జనులు వచ్చి చేలగట్లమీద దినములు దినములు వంగి వెదకుదురు. దొరికిన ఒక్కనిని చూపిన కెమెరా, కూలి పోగొట్టుకొని ఉత్త చేతులతో బస్సు ఎక్కిన వందమందిని చూపదు. అబద్ధము ఒక్క మాటయు చెప్పలేదు. అయినను మోసపోయినాము.

యోసేపు అన్నలు చేసినది ఇదే. ఆదికాండము 37వ అధ్యాయములో వారు తమ్ముడు చనిపోయినాడని తండ్రితో చెప్పలేదు. మేకపిల్ల రక్తములో ముంచిన అంగీని చూపించి, ఇది నీ కుమారునిదో కాదో గుర్తుపట్టుమన్నారు. అంగీ నిజమైనది. రక్తమును నిజమైనదే. అర్థము మాత్రము అబద్ధము. ఆ అర్థమును యాకోబు నోటనే పలికించినారు. బొమ్మను నమ్మిన తండ్రి ఏండ్ల తరబడి బ్రదికున్న కొడుకు కొరకు ఏడ్చినాడు.

గుడిలోని వార్తల గది

ఇప్పుడు మా సంగతి చెప్పుకొందుము.

మన ప్రాంతములో ఒక శనివారము ఒక వ్యాపారి డబ్బు సంచి పోయినది. ఆ రాత్రికే ఫోనులో నడుచు ఒక చిన్న చానెలులో, పోలీసులు విచారణకు తీసుకొనిపోయిన ఒక యువకుని బొమ్మ వచ్చినది. క్రింద "దొంగ" అన్న అక్షరములు. ఆ యువకుడు మన సంఘములోని ఒక విధవరాలి కుమారుడు. ట్రాక్టరు తోలి ఇల్లు నడుపుచున్నవాడు.

మరునాడు ఆదివారము. ఆరాధనకు ముందు, తరువాత అదే మాట. మేమును ఆడినాము. అయితే మేము చాడీ చెప్పినట్లు చెప్పలేదు. "పాపము, ఆ తల్లి కొరకు ప్రార్థన చేయండి, పిల్లవాడు ఇట్లు చేసినాడంట" అని చెప్పినాము. ప్రార్థన మనవి అనే అంగీ తొడిగినాము. ఆ అంగీ తొడిగిన తరువాత ఎవరు మమ్మును ఆపగలరు? స్త్రీల సమాజములోని ఇరువది ఇళ్లకు ఆ మాట మా నోటనుండియే చేరినది.

మూడవ నాడు సంచి దొరికినది. వ్యాపారి తానే కాటా గదిలో మరచి వచ్చినాడు. పోలీసులు పిల్లవానిని పంపివేసినారు. ఆ చానెలులో ఈ సంగతి రాలేదు. మేమును ఆ ఇరువది ఇళ్లకు తిరిగి పోయి చెప్పలేదు. సంగతి సద్దుమణిగినది గదా అనుకొన్నాము.

ఆ సహోదరి గుడికి వచ్చుట మానినది. ఇంట్లో ప్రార్థన పెట్టుకొందుమంటే వద్దన్నది. ఆమె కుమార్తెకు చూచిన సంబంధము నిలిచిపోయినదని తరువాత తెలిసినది. నాలుగు నెలలకు మేము ఆమె యింటికి పోయినాము. ఆమె మంచము వేసి, మంచినీళ్లు ఇచ్చి, మర్యాదకు తక్కువ చేయలేదు. మేము ఆ చానెలువారిని తిట్టుట మొదలుపెట్టినాము. ఆమె కాసేపు విని ఒక్క మాట అన్నది.

"ఫోన్లో చెప్పినోల్లు ఎవురో నాకు తెలీదమ్మా. గుళ్లో చెప్పినోల్లు నాకు తెలుసు."

మాకు నోట మాట రాలేదు. ఇంటికి ఎట్లు వచ్చినామో కూడ గుర్తులేదు.

తరువాతి ఆదివారము స్త్రీల సమాజములో మేము లేచి నిలువబడి, మేము చెప్పినది అబద్ధమని, విచారించకుండ చెప్పినామని ఒప్పుకొన్నాము. అది సులభము కాదు. తెలియక జరిగినది, ఊరుకోవచ్చునని కొందరు అన్నారు. అయితే మాట ఎన్ని ఇళ్లకు పోయినదో సవరణ కూడ అన్ని ఇళ్లకు పోవలెను గదా. ఆ ఇరువది ఇళ్లకు ఒక్కొక్కటిగా పోయినాము. రెండు ఇళ్లలో, మేము చెప్పిన మాటను వారు ఊరు దాటించినారని తెలిసినది. దానిని మేము వెనుకకు తేలేకపోయినాము. ఆ సహోదరి నేడు గుడికి వచ్చుచున్నది. వెనుక వరుసలో కూర్చుండును. మాతో మాటలాడును. అయితే మునుపటివలె కాదు. క్షమించలేదని మేము అనము. పగిలిన కుండకు మాటు వేసినారు, నీళ్లు నిలుచుచున్నవి, మాటు మాత్రము కనబడుచున్నది.

న్యూసెన్స్ చూచుచుండగా మమ్మును పొడిచినది ఇదే. మదనపల్లె విలేకరికి ధర ముట్టినది. మాకు ఏమి ముట్టినది? నాకు ముందే తెలుసు అన్న చిన్న గొప్ప. నలుగురు మా చుట్టు చేరి విన్నారన్న సంతోషము. అంత చౌకగా మేము ఒక పిల్లవాని పేరును అమ్మినాము. వార్తల గది హైదరాబాదులో ఉన్నదనుకొన్నాము. అది మా నోటిలో ఉన్నది.

లూకా దారి

సువార్తికులలో లూకాను మేము ఇప్పుడు ఎక్కువగా ప్రేమించుచున్నాము. తన సువార్త మొదటి నాలుగు వచనములలో తాను ఎట్లు పని చేసినాడో థెయొఫిలాకు వివరించినాడు. ఆరంభమునుండి కన్నులార చూచినవారు ఉన్నారు, వారు అప్పగించినది ఉన్నది, అన్నిటిని మొదటినుండి తరచి విచారించి, వరుసగా వ్రాయుచున్నాను అని దాని భావము. ఎందుకు? వినువానికి నిశ్చయము కలుగుటకు. పరిశుద్ధాత్మ ప్రేరణ గలిగిన మనిషి కూడ విచారించుట మానలేదు. ప్రార్థనాపరులము గనుక మాకు విచారణ అక్కరలేదనుకొనుట భక్తి కాదు, బద్ధకము.

నిర్గమకాండము 23వ అధ్యాయము మొదటి వచనము లేని వార్తను ఎత్తవద్దని హెచ్చరించుచున్నది. పుట్టించినవాడే కాదు, మోసినవాడును దోషియే. తొమ్మిదవ ఆజ్ఞ కోర్టు మెట్లు ఎక్కినవారికి మాత్రమే కాదు, ఫోనులో బొటనవ్రేలు ఆనించు ప్రతివానికిని వర్తించును.

కనుక మా యింట ఈ అలవాటు పెట్టుకొన్నాము. మీకు నచ్చినయెడల మీరును పెట్టుకొనవచ్చును. ఎవరినైన దోషిగా చూపు వార్త ఏదైన వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుకొందుము. దీనిని కన్నులార చూచినవారెవరు? దీనివలన ఎవరికి లాభము? ఇది అబద్ధమైతే ఎవరి యింట పొయ్యి ఆరిపోవును? మూడింటికి జవాబు లేనియెడల ఆ రాత్రికి దానిని మరొకరికి పంపము. తెల్లవారిన తరువాత చూతుము. నిజమైన వార్త ఒక రాత్రిలో చెడిపోదు. అబద్ధమైతే తెల్లవారేసరికి సగము వాడిపోవును. ఒకవేళ తప్పు మాట పంపినామని తెలిసినయెడల, ఎక్కడెక్కడికి పంపినామో అక్కడికెల్ల సవరణ పంపుదుము. ఇది అన్నిటికంటె కష్టము. అన్నిటికంటె అవసరమును ఇదే. ప్రార్థన మనవిలో పేరు చెప్పవలసి వచ్చినప్పుడు, ఆ పేరుగలవాని అనుమతి తీసుకొందుము. దేవునికి పేరు తెలియును. మనము చెప్పనక్కరలేదు.

ఇక మమ్మును అడిగిన సహోదరికి జవాబు. తల్లీ, చిన్న పిల్లలకు అది వద్దు. మొరటు కథ అది. కాలేజీకి పోవు పెద్ద పిల్లలు చూడదలచినయెడల, నీవును వారి పక్కన కూర్చుండి చూడుము. ఒక్కొక్క భాగము అయిన తరువాత ఆపి అడుగుము, "ఆ పిల్లోడు డబ్బు తీసుకోకుండా ఉంటే ఏమయ్యేది?" అని. "మన ఇంట్లో మనం అట్ల చేసినామా?" అని కూడ అడుగుము. ఆ రెండవ ప్రశ్నకు ముందు నీవే జవాబు చెప్పుము. పిల్లలు తల్లి ఒప్పుకోలును విన్నంత శ్రద్ధగా తల్లి నీతిని వినరు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో

మొదటి వారము ఆదికాండము 37వ అధ్యాయము, రెండవ వారము 2 సమూయేలు 18వ అధ్యాయము, మూడవ వారము మత్తయి 28వ అధ్యాయము, నాలుగవ వారము లూకా మొదటి అధ్యాయపు తొలి వచనములు కలిసి చదవండి. ప్రతి వారము, ఆ దినమున ఇంట్లో విన్న వార్త ఒకటి తీసుకొని, అది మన దాకా ఎన్ని చేతులు మారి వచ్చినదో పిల్లలతో లెక్కపెట్టించండి. కడపటి చేయి మనదేనని వారే చెప్పుదురు.

ప్రార్థన: సత్యవంతుడవైన తండ్రీ, మా చెవులను, మా నాలుకను, మా వ్రేళ్లను నీ స్వాధీనమునకు అప్పగించుచున్నాము. వార్తలు తెచ్చు సహోదరులను, సహోదరీలను భయమునుండి, ఆకలినుండి, ఆశనుండి కాపాడుము. మా మాటవలన గాయపడి వెనుక వరుసలో కూర్చున్నవారిని ఆదరించుము. మేము పాడుచేసిన పేరును సరిచేయుటకు ఆ గడపదాకా నడిచిపోవు ధైర్యమును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.